వ్యాసం పెట్టి టీ తాగి వచ్చేసరికి తొలగింపు మూస. అసలు ఎంతసేపు ఆగాలి?

ఐనవోలు_సారు
మొన్న ఆదివారం మా ఊరి చెరువు గురించి ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో పేజీ మొదలుపెట్టాను. ఏ సైట్ అని చెప్పను, ఎవరి మీదా కంప్లైంట్ ఇవ్వడానికి రాలేదు, పద్ధతి గురించి అడుగుతున్నాను. ముందు రెండు లైన్లు రాసి, కరెంట్ పోతే రాసింది పోతుందేమోనని ప్రచురించు నొక్కాను. కట్ట మీది శాసనం రాయి ఫోటో ఫోన్‌లో ఉంది, అది ఎక్కిద్దామని లేచి, ఎలాగూ లేచాను కదా అని టీ తాగి వచ్చాను. వచ్చేసరికి పేజీ మీద పెద్ద ఎర్ర డబ్బా, దాన్నే తొలగింపు మూస అంటారట. విషయ ప్రాధాన్యత లేదు (అంటే బయట పేపర్లు, పుస్తకాలు రాసేంత విషయం కాదని), మూలాలు లేవు, తొలగించాలి అని. సరే, మిగతాది చేరిస్తే చూస్తారులే అనుకొని తూము, అలుగు, ఆయకట్టు, మిషన్ కాకతీయలో పూడిక తీసిన సంగతి అంతా టైప్ చేసి మళ్లీ ప్రచురించు నొక్కితే "దిద్దుబాటు ఘర్షణ" అని ఇంకో తెర వచ్చింది. పైన ఒక పెట్టె, కింద ఒక పెట్టె. ఏది నాదో, ఏది వాళ్లదో అర్థం కాలేదు. ఏదో నొక్కాను. రాసిందంతా పోయింది.

ఇంతకీ నా ప్రశ్న, కొత్త పేజీ వచ్చాక తొలగింపు మూస పెట్టడానికి ఎంతసేపు ఆగాలి అని వాళ్లలో ఏమైనా లెక్క ఉందా? లేక ఎవరి ఇష్టం వాళ్లదేనా? ఇక్కడ వికీల్లో రాసేవాళ్లు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

లష్కర్_సింగారం
చెరువుకే ప్రాధాన్యత లేదంటే ఇంక ఓరుగల్లులో రాయడానికి ఏముంటుంది సారూ. కాకతీయులు వినలేదు కాబట్టి సరిపోయింది.

కొత్తపేజీల_కాపలా
నేను ఇంకో వికీలో చాలాకాలం కొత్త పేజీలు చూసే పని చేశాను కాబట్టి అటువైపు ముచ్చట కూడా వినండి.

రాత్రి అన్నం తిన్నాక కొత్త పేజీల జాబితా తెరుస్తాం. మొదటిది "నా పేరు ఫలానా, నేను డిగ్రీ సెకండియర్, నాకు క్రికెట్ అంటే ప్రాణం." రెండోది ఒక యువనేత, జన్మదిన శుభాకాంక్షలతో సహా ఫ్లెక్సీ మ్యాటర్ మొత్తం. పంచాయతీ ఎన్నికలప్పుడైతే ఇవి వరదే. ఇంకోటి కోచింగ్ సెంటర్, అడ్మిషన్లు జరుగుతున్నవి అని కింద ఫోన్ నంబర్. ఇంకోటి పొద్దున పేపర్లో వచ్చిన వార్త, చివర "న్యూస్‌టుడే" లాంటి ముక్క కూడా తీయకుండా పేస్ట్. వీటి మధ్యలో మీ చెరువు, రెండు లైన్లు. నాకు కనిపించేవి ఆ రెండు లైన్లే. మీ ఫోన్లో శాసనం రాయి ఉందని నాకెలా తెలుస్తుంది?

ఇంకో సంగతి. మూస పెట్టకుండా వదిలేస్తే ఆ పేజీ జాబితాలో కిందికి జారిపోతుంది. రేపు వచ్చేవాడు రేపటివి చూస్తాడు. అలా జారిపోయిన పేజీలు ఏళ్ల తరబడి రెండు లైన్లతోనే పడి ఉంటాయి, చూశాను. అందుకే మాలో చాలామంది కనిపించగానే పెట్టేస్తాం. దాన్ని పొగరు అనుకోకండి, మర్చిపోతామని భయం.

హంటర్‌రోడ్_హరి
మర్చిపోతారని భయం మీది, రాసింది పోగొట్టుకున్నది సారు. బండి సైడ్ స్టాండ్ వేసేలోపే చలాన్ రాస్తే ఎలా అన్నా?

కొత్తపేజీల_కాపలా
@హరి చలాన్ కాదు, నోటీసు. మూస పెట్టడం అంటే తొలగించడం కాదు, తొలగించేది నిర్వాహకుడు. మధ్యలో టైమ్ ఉంటుంది.

హంటర్‌రోడ్_హరి
ఎర్ర డబ్బాలో "తొలగించాలి" అని ఉంటే కొత్తవాడికి నోటీసు, ఆర్డర్ తేడా తెలుస్తుందా? మా అమ్మకు బ్యాంకు నుంచి కేవైసీ మెసేజ్ వస్తేనే రెండు రోజులు టెన్షన్.

నిట్_క్యాంటీన్
సారు అడిగినదానికి సూటిగా. ఇంగ్లీష్ వికీపీడియాలో దీనికి రాసిపెట్టిన పద్ధతి ఉంది. తొలగింపులు స్థూలంగా మూడు దారులు. ఒకటి త్వరిత తొలగింపు, చర్చ లేకుండా నిర్వాహకుడు తీసేయొచ్చు, కానీ దానికి పరిమితమైన కారణాల జాబితా ఉంది, ఆ జాబితాలో లేని కారణం చెల్లదు. రెండోది మూస పెట్టి ఏడు రోజులు ఆగడం, ఈలోపు ఎవరైనా, రాసినవాళ్లతో సహా, ఆ మూస తీసేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. మూడోది చర్చకు పెట్టడం, అదీ మామూలుగా ఏడు రోజులు.

ఎంతసేపు ఆగాలి అనేది కొత్త పేజీలు చూసేవాళ్ల మార్గదర్శకాల్లో ఉంది. ఒకప్పుడు పావుగంట అన్నట్టు ఉండేది, తర్వాత గంటకు పెంచారు. దీనికి మినహాయింపులున్నాయి: ఎవరినైనా బద్నాం చేయడానికి పెట్టిన పేజీ, పచ్చి అల్లరి, పచ్చి ప్రకటన, కాపీహక్కు ఉల్లంఘన. వీటికి నిమిషం కూడా ఆగక్కర్లేదు. కానీ "ఇందులో విషయం లేదు", "ప్రాధాన్యత కనిపించట్లేదు" లాంటి కారణాలకు ఆగాలి.

ఏ భాష వికీకి ఆ భాషవాళ్లే పద్ధతులు పెట్టుకుంటారు. ఇంగ్లీష్‌లో ఉంది కదా అని వేరే చోట చెల్లదు. సారు రాసిన చోట ఏముందో ముందు చూడాలి.

సకినాల_చుట్టు
ఏడు రోజులా? మా దగ్గర సంక్రాంతికి చేసిన సకినాలే ఏడు రోజులు ఆగవు.

ఐనవోలు_సారు
@నిట్_క్యాంటీన్ థాంక్స్. గంట అంటే నాకు సరిపోయేది. అసలు ఆ దిద్దుబాటు ఘర్షణ ఎందుకొచ్చిందో చెప్పగలరా? నేను పేజీ కింద చేరుస్తుంటే వాళ్లు పైన మూస పెట్టారు. ఒకే చోట కాదు కదా.

నిట్_క్యాంటీన్
పెద్ద వ్యాసం అయితే రాకపోయేది. మీరు తెరిచినప్పుడున్న పేజీ, మధ్యలో వాళ్లు మార్చిన పేజీ, మీరు పంపిన పేజీ, ఈ మూడింటినీ సాఫ్ట్‌వేర్ లైన్ల వారీగా పోల్చి, మార్పులు దూరదూరంగా ఉంటే తనే కలిపేస్తుంది. పక్కపక్క లైన్లలో ఉంటే చేతులెత్తేసి మిమ్మల్ని అడుగుతుంది. మీ పేజీ ఉన్నదే రెండు లైన్లు, పైన మూస పడితే పక్కదే మీ లైను. కాబట్టి పేజీ ఎంత చిన్నగా ఉన్నప్పుడు మూస పెడితే ఘర్షణ అంత ఎక్కువ. నా దృష్టిలో ఆగమనడానికి మర్యాద కంటే ఇదే పెద్ద కారణం, ఎవరూ చెప్పరు.

ఈసారి వస్తే కంగారుపడకండి. రెండు పెట్టెల్లో కిందిది మీది. అందులోది మొత్తం కాపీ చేసుకొని ఆ ట్యాబ్ వదిలేసి, కొత్తగా పేజీ తెరిచి పేస్ట్ చేయండి.

ఎనుమాముల_మిర్చి
తొందర గురించి అంటే అందరూ చెప్పే కేసు ఒకటుంది, ఇక్కడ ఇంకా ఎవరూ ఎత్తలేదు. 2007 సెప్టెంబర్‌లో దక్షిణాఫ్రికా కేప్‌టౌన్ దగ్గర గుగులేతులో అప్పట్లో ఉన్న ఎంజోలీస్ అనే మాంసం హోటల్ మీద ఒకాయన ఇంగ్లీష్ వికీపీడియాలో ఒక్క వాక్యంతో పేజీ పెట్టాడు. అరగంట కూడా కాలేదు, ప్రాధాన్యత లేదని త్వరిత తొలగింపులో తీసేశారు. పేజీ పెట్టింది ఎవరంటే జిమ్మీ వేల్స్, వికీపీడియా సహ వ్యవస్థాపకుడు! తర్వాత పెద్ద లొల్లి, చివరికి వ్యాసం నిలబడింది, పెరిగింది కూడా. ఆయన కాబట్టి పది మంది వచ్చి మూలాలు వెతికి పెట్టారు. మన సారుకు ఎవరు వెతుకుతారు?

కాజీపేట_జంక్షన్
ఆ కథ చెప్పేవాళ్లు రెండో కథ చెప్పరు. 2005 మేలో జాన్ సీగెంథాలర్ అనే అమెరికా జర్నలిస్టు మీద ఎవడో ఒకడు ఇంగ్లీష్ వికీపీడియాలో పేజీ పెట్టి, కెనడీ హత్యలో ఈయన చెయ్యి ఉందని అనుమానించారని రాశాడు. తమాషాకట. నాలుగు నెలలకు పైగా అది అలాగే ఉంది. అప్పటికి ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆయన కెనడీ తమ్ముడి దగ్గర పనిచేసిన మనిషి! ఆయనే పత్రికలో రాసుకుంటే గానీ లోకానికి తెలియలేదు. ఆ తర్వాతే, 2005 డిసెంబర్ నుంచి, ఖాతా లేనివాళ్లు అక్కడ కొత్త పేజీ మొదలుపెట్టడం బంద్ చేశారు. 2018లో ఇంకా బిగించారు, ఖాతా తెరిచి నాలుగు రోజులు, పది దిద్దుబాట్లు అయితేనే నేరుగా కొత్త పేజీ.

హోటల్ పేజీ అరగంటలో పోతే ఎవరి కొంపా మునగలేదు. మనిషి మీద అబద్ధం నాలుగు నెలలుంటే? తొందరపడేవాళ్లను తిట్టేముందు అది ఆలోచించండి.

ఎనుమాముల_మిర్చి
సారు రాసింది చెరువు మీద అన్నా. చెరువు పరువు నష్టం దావా వేయదు.

కాజీపేట_జంక్షన్
చెరువుల మీద కూడా వేసేవాళ్లున్నారు, ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు లోపల, ప్లాట్లు చేసినవాళ్ల పేర్లు రాసి చూడు.

కొత్తపేజీల_కాపలా
😀 అది నిజం.

మిర్చి, జంక్షన్ ఇద్దరూ చెప్పింది ఒకటే కదా మరి. బతికున్న మనిషి మీద ఆధారం లేని మాట అయితే వెంటనే. కాపీ పేస్ట్ అయితే వెంటనే, ఎందుకంటే వికీలో పెట్టిన రాతను ఎవరైనా తీసుకొని పుస్తకం వేసి అమ్ముకోవచ్చు, ఆ షరతుకు ఒప్పుకొనే మనం ప్రచురించు నొక్కుతాం. పేపర్‌వాళ్ల మ్యాటర్‌కు అలాంటి అనుమతి మనమెలా ఇస్తాం? చెరువు, గుడి, పువ్వు, పురుగు, ఇవైతే ఆగొచ్చు. నేను ఆగేవాణ్ని కూడా.

హంటర్‌రోడ్_హరి
"ఆగేవాణ్ని" అంటే ఎంతసేపు?

కొత్తపేజీల_కాపలా
మరుసటి రోజు దాకా. ఒక నోట్‌పుస్తకంలో పేజీ పేరు రాసుకునేవాణ్ని. నిజం చెప్పాలంటే చాలా పేజీలకు మరుసటి రోజు కూడా ఒక్క అక్షరం చేరేది కాదు. సారులాంటివాళ్లు తక్కువ.

తంగేడుపువ్వు
నేను చాలాసేపటి నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ.

మా కాలేజీలో ఒకసారి వికీ వర్క్‌షాప్ పెట్టారు. అందరూ ఒక వ్యాసం రాయాలి, సర్టిఫికెట్ ఇస్తారు. పక్కమ్మాయిలు ఇంగ్లీష్ నుంచి సినిమా హీరోయిన్ల పేజీలు అనువాదం చేసుకున్నారు. నేను మా మేనమామవాళ్ల ఊళ్లో ఒగ్గు కథ చెప్పే ఒక పెద్దాయన గురించి రాద్దామనుకున్నా. ఆయన్ను కలిసి, డోలు పట్టీ ఎలా బిగిస్తారో, మల్లన్న కథకు, బీరప్ప కథకు వరుస ఎక్కడ మారుతుందో, పక్కన ఇద్దరు వంత ఎక్కడ అందుకుంటారో అన్నీ అడిగి రాసుకొచ్చా. ల్యాబ్‌లో కూర్చొని టైప్ చేసి పెట్టా. నా చర్చ పేజీలో ఒకేసారి రెండు మెసేజ్‌లు వచ్చాయి. పైన "మీకు స్వాగతం" అని నమస్కారం బొమ్మతో పెద్ద మూస. దాని కిందే "మీరు సృష్టించిన వ్యాసం తొలగింపుకు ప్రతిపాదించబడింది." రెండింటి కిందా ఒకే సంతకం. ల్యాబ్‌లో అందరూ నవ్వారు, నేనూ నవ్వా. వర్క్‌షాప్ పెట్టిన సారే వచ్చి "హీరోయిన్ పేజీ చేసుకోమ్మా, సేఫ్" అన్నారు.

చేసుకున్నా. సర్టిఫికెట్ వచ్చింది. ఆ ఖాతా మళ్లీ తెరవలేదు.

నాకు తొలగించినందుకు కోపం లేదు. ఆయన గురించి పేపర్లో ఎక్కడా రాలేదు, అది నిజమే. కానీ ఒక్క మనిషి ఒక్క లైను సొంతంగా టైప్ చేసి "ఆయన మీద పేజీ నిలబడదు, కానీ ఒగ్గు కథ అనే వ్యాసం ఉంది, ఈ డోలు సంగతి, వంత సంగతి అందులో చేర్చు, ఏదైనా పుస్తకం చూపించి" అని ఉంటే రాసేదాన్నేమో.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్
చెల్లె, నువ్వు చెప్పింది బాగుంది. కానీ నా పద్ధతి వేరే. నేను ముందు ఫోన్లో నోట్స్‌లో మొత్తం రాసుకుంటా, షిఫ్ట్‌కు పోయే బస్సులో. కనీసం మూడు మూలాలు దొరికాకే పేజీ పెడతా. ప్రయోగశాల అని చిత్తు రాసుకునే పేజీ ఒకటుంటుంది ప్రతి ఖాతాకు, అందులో వారం రోజులు పెట్టుకున్నా ఎవరూ ముట్టుకోరు. రెండు లైన్లతో పేజీ పెట్టడమే తప్పు అంటా నేను. సారు కూడా ఏమీ అనుకోవద్దు.

తంగేడుపువ్వు
ప్రయోగశాల ఉందని నాకు ఎవరు చెప్పారన్నా? స్వాగతం మూసలో బోలెడు లింకులున్నాయి, అందులో ఒకటి అదట. ఎర్ర డబ్బా చూశాక ఆ లింకులు ఎవరు చదువుతారు?

ఐనవోలు_సారు
ఏమీ అనుకోలేదు తమ్ముడూ. కానీ వికీ అంటేనే ఒకరు రెండు లైన్లు రాస్తే ఇంకొకరు నాలుగు చేరుస్తారని పిల్లలకు క్లాసులో చెప్పినవాణ్ని నేను. మొలక అనే పేరే దానికి పెట్టారు కదా. ఇప్పుడు మొత్తం ఇంట్లో వండుకొని తెచ్చి వడ్డించాలంటే ఇంక సొంత బ్లాగే నయం.

జమ్మికుంట_పత్తి
మూస సంస్కృతి మీద ఒక మాట. కొందరికి ఇదొక స్కోరు. ఈ నెల ఎన్ని పేజీలకు మూస పెట్టాను, ఎన్ని పోయాయి అని వాడుకరి పేజీలో గొప్పగా రాసుకునేవాళ్లను చూశా. రాసినవాళ్ల లెక్క కంటే తీయించినవాళ్ల లెక్కకు విలువ వచ్చినప్పుడు ఇలాగే ఉంటుంది.

కొత్తపేజీల_కాపలా
ఉన్నారు, కాదనను. వాళ్లను చూసి అందర్నీ అనకండి. జీతం లేని పని, ఇంట్లో "ఆ ల్యాప్‌టాప్ మూస్తావా లేదా" అనిపించుకుంటూ చేసే పని. తెలుగు వికీపీడియానే తీసుకుంటే 2003 చివర్లో మొదలైంది, ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలు. రోజూ కూర్చొని కొత్తవి చూసేవాళ్లు ఎంతమంది ఉంటారనుకుంటున్నారు? ఇంగ్లీష్‌లో ఒకరు ఆగితే ఇంకొకరు చూస్తారు. చిన్న వికీలో ఆ ఇంకొకరు లేరు. గంట ఆగు అనడం తేలికే, గంట తర్వాత ఆ మనిషి నిద్రపోతాడు.

జమ్మికుంట_పత్తి
అలాంటప్పుడు తొలగింపు మూస బదులు "మూలాలు లేవు" అనే మూస పెట్టి పడుకోవచ్చు కదా. అదీ జాబితాలో చేరుతుంది, అదీ మర్చిపోరు. మూలాలు లేని వ్యాసాలన్నీ ఒక వర్గంలో పడతాయి. నెల తర్వాత ఆ వర్గం తెరిచి చూసుకోవచ్చు. పేజీ చంపకుండానే గుర్తుపెట్టుకునే దారి ఉంది.

నిట్_క్యాంటీన్
ఇది పాయింట్. ఆ మూస తేదీతో పెడితే నెలవారీగా వర్గాలు కూడా విడిపోతాయి.

కాజీపేట_జంక్షన్
ఆ వర్గాల్లో పదేళ్ల నుంచి పడి ఉన్నవి కూడా విడివిడిగా చక్కగా కనిపిస్తాయి. ఎవరు తెరుస్తున్నారు వాటిని?

పాతపేపర్ల_కట్ట
మూలాలు లేవు, గూగుల్ చేశాను ఏమీ రాలేదు అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి, ఇది తెలుగుకే ఉన్న ఇబ్బంది.

2000ల మొదట్లో మన పేపర్ల వెబ్‌సైట్లు యూనికోడ్‌లో ఉండేవి కావు. ఒక్కో పేపర్‌కు ఒక్కో సొంత ఫాంట్. ఫాంట్ ఉంటే తెలుగు కనిపించేది, లేకపోతే ఇంగ్లీష్ గీతల గందరగోళం. ఆ పేజీలు ఎక్కడైనా మిగిలినా తెలుగులో టైప్ చేసి వెతికితే దొరకవు, ఎందుకంటే లోపల ఉన్నవి తెలుగు అక్షరాలే కావు. తర్వాత ఈ-పేపర్లు వచ్చాయి, చాలావరకు బొమ్మలు. బొమ్మలో ఉన్న అక్షరాన్ని గూగుల్ ఎక్కడ పట్టుకుంటుంది? ఇక జిల్లా టాబ్లాయిడ్‌లో వచ్చిన వార్త అంటే, చెరువు, జాతర, ఒగ్గు కథ, చిందు భాగోతం, ఇవన్నీ వచ్చేది అందులోనే, మెయిన్ పేపర్లో కాదు. కొంతకాలం అయ్యాక ఆ లింకు నొక్కితే హోం పేజీకి పోతుంది.

నా దగ్గర వరంగల్ ఎడిషన్ కటింగులు అట్టపెట్టెల్లో ఉన్నాయి. అందులో ఉన్న మనుషుల్లో సగం మంది గూగుల్‌కు పుట్టనే లేదు. కాబట్టి "గూగుల్‌లో లేదు" అనేది తొలగింపుకు కారణం కాకూడదు. పేపరు పేరు, తేదీ, పేజీ నంబర్ రాసినా మూలమే, లింకు తప్పనిసరి కాదు. ఈ సంగతి మూస పెట్టేవాళ్లలోనూ చాలామందికి తెలియదు.

జనగామ_బస్
పెద్దాయన చెప్పింది నూటికి నూరు శాతం. మా జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది, చిందు యక్షగానానికి. అవార్డు ప్రకటించిన రోజు సాయంత్రానికి ఆయన మీద ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా వార్తలే. ఆయన గజ్జె కట్టింది ఆ రోజేనా? దశాబ్దాల నుంచి ఆడుతున్నాడు. అవార్డుకు ముందు రోజు ఎవరైనా పేజీ పెట్టి ఉంటే, ఇదే తీరులో చూసేవాళ్లైతే, ఏం పెట్టేవాళ్లో మీకే తెలుసు.

ఇది మనకే అనుకోకండి. 2018 అక్టోబర్‌లో డోనా స్ట్రిక్లాండ్‌కు ఫిజిక్స్ నోబెల్ ప్రకటించిన నాటికి ఇంగ్లీష్ వికీపీడియాలో ఆమె మీద వ్యాసం లేదు. అదే ఏడాది ఒకరు పంపిన చిత్తుప్రతిని మూలాలు సరిపోవని మేలో తిప్పి పంపారు. యూనివర్సిటీలో లేజర్ల మీద పనిచేసే ఆమెకే అలా ఉంటే ఊరి పక్క కళాకారుడి సంగతి చెప్పాలా?

కాజీపేట_జంక్షన్
స్ట్రిక్లాండ్ కేసులో తొందర లేదు బ్రదర్. చిత్తుప్రతి చూసి, పంపినదాంట్లో ఆమె గురించి బయటివాళ్లు రాసిన మూలాలు లేవని తిప్పారు. మళ్లీ పంపొచ్చు అని కూడా ఉంటుంది అందులో. తప్పు ఆమె గురించి రాయని పత్రికలది కూడా. విజ్ఞాన సర్వస్వం ముందు నడవదు, లోకం రాసినదాని వెనక నడుస్తుంది. కొత్తగా కనిపెట్టి పెట్టే చోటు కాదది.

కటింగుల సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ కటింగ్ ఉందని చెప్పాల్సింది పేజీ పెట్టినవాళ్లు. చూసేవాళ్లు మీ అట్టపెట్టెలో చెయ్యి పెట్టలేరు కదా.

పాతపేపర్ల_కట్ట
చెప్పడానికి టైమ్ ఇవ్వాలి కదా నాయనా. సారు టీ తాగినంతసేపు కూడా ఇవ్వలేదు, గొడవ అక్కడే.

సకినాల_చుట్టు
సారు టీ ఎక్కడ తాగాడో తేలితే సగం గొడవ తీరుతుంది. హన్మకొండ చౌరస్తాకు వచ్చి తాగి ఉంటే తప్పు సారుదే.

ఐనవోలు_సారు
ఇంట్లోనే బాబూ.

హన్మకొండ_చౌరస్తా
నన్నెందుకు లాగుతారు మధ్యలో.

వచ్చాను కాబట్టి ఒక మాట. అన్నిటికీ తొలగింపే మందు అనుకోవడం కూడా సమస్యే. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడదీసినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అయ్యాయి. 2021లో అర్బన్‌ను హనుమకొండ జిల్లా అన్నారు, రూరల్‌ను వరంగల్ జిల్లా అన్నారు. దాంతో పేర్లు ఎంత గందరగోళమో ఇక్కడివాళ్లకు తెలుసు. బయటివాళ్లు హన్మకొండ అని ఒక పేజీ, హనుమకొండ అని ఒక పేజీ, జిల్లాకు ఒకటి, మండలానికి ఒకటి పెడుతూ పోయారు. ఇంకొకరు వచ్చి "ఇప్పటికే ఉంది, తొలగించాలి" అని మూస. తొలగించడం ఎందుకు? దారిమార్పు చేస్తే చాలు, పాత పేరుతో వెతికినవాడు కూడా సరైన పేజీకి వస్తాడు, రాసినవాడి పని చరిత్రలో ఉంటుంది. దానికి నిర్వాహకుడు కూడా అక్కర్లేదు.

కొత్తపేజీల_కాపలా
@ఐనవోలు_సారు ఇదే మీకు కూడా పనికొస్తుంది. మీ చెరువుకు విడిగా పేజీ నిలబడుతుందా అంటే నాకు అనుమానమే, సూటిగా చెబుతున్నా. పాకాల, రామప్ప, లక్నవరం అంటే పుస్తకాలే ఉన్నాయి. ఊరి చెరువు అంటే మిషన్ కాకతీయ జాబితాలో ఒక లైను. మీ ఊరికి పేజీ ఉండే ఉంటుంది, రెవెన్యూ గ్రామాలకు చాలావాటికి ఉన్నాయి, జనాభా లెక్కలు తప్ప ఇంకేం ఉండదు వాటిలో. ఆ పేజీలో "చెరువు" అని ఒక విభాగం పెట్టి మీరు రాసిందంతా అక్కడ పెట్టండి. దాన్ని ఎవరూ తొలగింపుకు పెట్టరు. రేపు మూలాలు పెరిగితే విడదీసుకోవచ్చు.

లష్కర్_సింగారం
అంటే చివరికి చెరువుకు ప్రాధాన్యత లేదనే తేల్చారన్నమాట. వందల ఏళ్ల చెరువు కంటే నిన్న వచ్చిన సీరియల్‌కు విడిగా పేజీ ఉంటుంది.

కొత్తపేజీల_కాపలా
సీరియల్ మీద నాలుగు పేపర్లు రాస్తాయి, చెరువు మీద ఎవరూ రాయరు. నేనేం చేయను.

ఐనవోలు_సారు
విభాగం పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ మా చెరువు కట్ట మీద శాసనం ఉందండీ. మామూలు చెరువు కాదు. పైభాగం అరిగిపోయింది, కింద సూర్యచంద్రుల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. బతుకమ్మ నాడు ఆడవాళ్లు ఆ రాయికి కూడా పసుపు పెడతారు, ఆ పసుపు వల్లే అక్షరాలు సగం పూడిపోయాయి.

పాతపేపర్ల_కట్ట
సారూ, ఆ మాట మొదటి లైన్లోనే రాయాల్సింది!

పురావస్తు శాఖవాళ్లు వరంగల్ జిల్లా శాసనాలన్నీ ఒక సంపుటంగా వేశారు, ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడే. ఊరి పేరు, రాయి ఎక్కడుంది, పాఠం, కాలం అన్నీ ఉంటాయి. యూనివర్సిటీ లైబ్రరీలో చూడండి, హిస్టరీ డిపార్ట్‌మెంట్‌వాళ్లను అడిగినా చూపిస్తారు. మీ ఊరి పేరు అందులో ఉంటే, పేజీ నంబర్‌తో సహా రాస్తే, ఎవడూ మూస పెట్టే ధైర్యం చేయడు. లేకపోతే ఇంకా మంచిది, ఎవరూ చదవని శాసనం అని వాళ్లకే చెప్పండి, వచ్చి చూస్తారు. కానీ అప్పుడు వాళ్లు చదివి ఎక్కడైనా వేసేదాకా వికీలో రాయకూడదు. మీరు సొంతంగా చదివి పెట్టేది మూలం కాదు.

ఇంకోటి, పసుపును తీగబ్రష్‌తో గీకకండి. నీళ్లతో మెత్తగా కడగండి చాలు. రాయి మీద పిండి, సుద్ద కూడా పూయొద్దు.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్
రాయి ఫోటో పొద్దున పూట తీయండి సారూ, ఎండ పక్క నుంచి పడితే అక్షరాలు లేచి కనిపిస్తాయి. మధ్యాహ్నం తీస్తే ఏమీ రాదు.

ఐనవోలు_సారు
సరే. వచ్చే శనివారం లైబ్రరీకి పోతాను. ప్రస్తుతానికి ఊరి పేజీలో విభాగం పెట్టి చెరువు పేజీని దానికి దారిమార్పు చేశాను, మూస పెట్టినాయన చర్చ పేజీలో "బాగుంది, అభ్యంతరం లేదు" అని రాశాడు. ఆయనతో నాకు గొడవ లేదు. గంట ఆగాలన్న మాట మీద మాత్రం నేను మారలేదు, ఆయనకు కూడా అదే రాశాను. ఇంకా జవాబు రాలేదు.

జమ్మికుంట_పత్తి
ఆ చర్చను రచ్చబండలో పెట్టండి సారూ, ఒకరి చర్చ పేజీలో రాస్తే అక్కడే ఉండిపోతుంది. నలుగురూ చూసే చోట ప్రతిపాదన పెడితే కనీసం ఓటింగ్ దాకా పోతుంది. నేనొచ్చి మద్దతు రాస్తా.

కాజీపేట_జంక్షన్
నేనొచ్చి వ్యతిరేకం రాస్తా. బతికున్న మనుషుల పేజీలకు మినహాయింపు లేకపోతే మాత్రమే. ఉంటే మద్దతే.

నిట్_క్యాంటీన్
ప్రతిపాదనలో నిమిషాలతో పాటు ఇంకోటి కూడా చేర్చండి. తొలగింపు మూసతో పాటు రాసినవాళ్ల చర్చ పేజీలో సొంత మాటల్లో ఒక వాక్యం తప్పనిసరి అని. తంగేడుపువ్వు గారు చెప్పింది అదే కదా.

తంగేడుపువ్వు
అదైతే నేనూ వచ్చి రాస్తా. పాస్‌వర్డ్ గుర్తుంటే.

కాశిబుగ్గ_కుర్రాడు
లేటుగా వచ్చాను, మొత్తం చదవలేదు. మా బాబాయ్ ఈసారి కార్పొరేటర్ టికెట్ అడుగుతున్నాడు, ఆయన మీద పేజీ పెడితే ఎంతసేపు ఉంటుంది?

కొత్తపేజీల_కాపలా
మొత్తం చదువు తమ్మీ.

లష్కర్_సింగారం
ఫ్లెక్సీ వేయించండి. మున్సిపాలిటీవాళ్లు వికీవాళ్లంత తొందరగా తీయరు.